ఫ్లోరిడా మనాటీలు: నీళ్లలో దిగాలా, గట్టు మీదే ఉండాలా?

జనవరిలో నాలుగు రోజులు మనాటీల కోసమే ఫ్లోరిడా వెళ్లాం. సముద్రపు ఆవులు అంటారే, నీళ్లలో గడ్డి మేసే ఆ పెద్ద క్షీరదాలే ఇవి. మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు ఉన్నా ఇవి చలికి ఆగలేవు. నీరు 20 డిగ్రీల సెల్సియస్‌ కంటే చల్లబడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చలికాలంలో, ఎప్పుడూ 22 డిగ్రీల దగ్గర ఉండే ఊటల్లోకి చేరతాయి. చూడాలంటే అదే అదను.

మొదట క్రిస్టల్ రివర్. మనాటీల పక్కన ఈదడానికి పేరున్న ఊరు ఇదే. తెల్లవారుజామునే పడవ ఎక్కాలి కాబట్టి ఊళ్లోనే గది తీసుకున్నాం. రాత్రంతా హీటర్ మోతే! బయల్దేరే ముందు వీడియో చూపించారు: ముట్టుకోకండి, వెంటపడకండి, దారికి అడ్డం రాకండి. వెట్‌సూట్ (చలి ఆపే ఈత దుస్తులు), స్నార్కెల్ (ఊపిరి గొట్టం) వాళ్లే ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. నీళ్లలో దిగాక మాత్రం మా గుంపు, ఇంకో మూడు పడవల గుంపులు ఒకే మనాటీ చుట్టూ మూగాయి. నిద్రపోతున్న ఆ జీవి లేచి వెళ్లిపోయింది. ఆపాల్సిన గైడ్ ఫొటోలు తీస్తూ ఉండిపోయాడు. వెచ్చని నీరు వదిలి చల్లని నీటిలోకి వెళ్లడమంటే దానికి చిన్న విషయం కాదు. డబ్బు కట్టి మరీ ఆ పని చేయించామా అని సిగ్గేసింది. మధ్యాహ్నం త్రీ సిస్టర్స్ స్ప్రింగ్స్‌లో చెక్క బాట మీద నడిస్తే, నీరు అద్దంలా ఉండి పైనుంచే అంతా కనిపించింది.

అసలు తృప్తి బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కులో దొరికింది. కారుకు ఆరు డాలర్లు, అంతే. మనాటీలు ఉన్నన్నాళ్లూ అక్కడ ఈత బంద్. పెందలాడే వెళ్లండి, పార్కు నిండితే గేటు మూసేస్తారు. రెండు గంటలు కదల్లేదు మేము. ఒక పిల్ల, తల్లి ముందు రెక్క వెనక, చంకలో పాలు తాగుతోంది. ఏనుగులకు దూరపు చుట్టాలట, రెక్కల చివర గోళ్లు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. మెడలో ఆరే వెన్నుపూసలు కాబట్టి తల ఒక్కటే తిప్పలేవు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. భలే తీరిగ్గా తిప్పుతాయిలెండి.

చాలావాటి వీపుల మీద తెల్లటి చారలు. పడవ ప్రొపెల్లర్ల గాట్లు అవి. పరిశోధకులు ఆ మచ్చలతోనే ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. రెండు మూడేళ్లకు ఒక్క పిల్లే పుడుతుంది కాబట్టి పోయిన లెక్క త్వరగా పూడదు. 2017లో వీటిని ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి, ముప్పు కాస్త తక్కువని చెప్పే జాబితాలోకి ఒక మెట్టు దించారు. కానీ 2021లో ఒక్క ఏడాదిలోనే 1,100 వరకు చనిపోయాయి. ఫ్లోరిడా తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్ అనే ఉప్పునీటి కయ్యలో మురుగు, ఎరువుల వల్ల నాచు పెరిగి, వెలుతురు అందక, వీటి మేత అయిన సముద్రపు గడ్డి నశించింది. చాలావి ఆకలితో పోయాయి. ఆ చలికాలం లెట్యూస్ ఆకులు కూడా వేశారు వాటికి!

చివరి రోజు టాంపా దగ్గర అపోలో బీచ్, టికెట్ లేదు. విద్యుత్ కేంద్రం వదిలే వెచ్చని నీటికి మనాటీలు వచ్చేస్తాయి. వెనక పొగ గొట్టాలు, ముందు మనాటీలు. చూడటానికి ఇబ్బందిగా ఉన్నా, కేంద్రం మూతపడితే ఇవి ఎక్కడికి వెళతాయన్నదే దారంతా మా మాట.