పీణ్యలో ‘మిర్రర్ ఫినిష్’ జాబ్‌వర్క్: బిల్లు కట్టేముందు గట్లు లెక్కపెట్టండి

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో మౌల్డ్ ఇన్సర్ట్‌లు (ప్లాస్టిక్ అచ్చులో అమర్చే స్టీల్ ముక్కలు) జాబ్‌వర్క్‌కి, అంటే బయటి షాపులో కూలికి చేయించడానికి, ఇచ్చే మనవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. షాపు పేరు రాయడం లేదు. ఈ పని చేసేది ఆ ఒక్క షాపే కాదు.

ఇచ్చిన పని: పీ20 (అచ్చులకు వాడే రకం) స్టీల్ కోర్ ఇన్సర్ట్, 120 బై 80 మి.మీ., పైన వంపు. డ్రాయింగ్‌లో ఆర్ఏ (ఉపరితలం సగటు గరుకుదనం) 0.8 మైక్రాన్లు. కొటేషన్‌లో ‘మిర్రర్ ఫినిష్’ అని రాశారు, రేటు అందరికంటే తక్కువ. నూనె రాసి కవర్ చుట్టి వచ్చిన ముక్క ట్యూబ్‌లైట్ కింద తళతళలాడింది. కిరోసిన్‌తో తుడిచి, గదిలో లైటు ఆర్పి, మొబైల్ టార్చ్‌ని దాదాపు ఉపరితలానికి ఆనించి పక్కనుంచి వేస్తే సంగతి బయటపడింది. మధ్యభాగమంతా ఎమెరీ (గరుకు కాగితం) గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఎమెరీ పట్టుకున్న వేలు దూరని మూల ఫిల్లెట్లలో (గుండ్రటి లోపలి మూలల్లో) మాత్రం కట్టర్ వదిలిన గట్లు దుక్కి చాళ్లలా అలాగే ఉన్నాయి. స్టీల్ స్కేలు పెట్టి లెక్కపెడితే 10 మి.మీ.లో 20. అంటే స్టెప్‌ఓవర్ (కట్టర్ ఒక గీతకీ పక్క గీతకీ మధ్య జరిగే దూరం) 0.5 మి.మీ.

గట్టు ఎత్తుకి లెక్క సులువే: స్టెప్‌ఓవర్‌ని దానితోనే గుణించి, బాల్‌నోస్ (కొన గుండ్రంగా ఉండే కట్టర్) వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించండి. 6 మి.మీ. కట్టర్‌కి 0.25ని 24తో భాగిస్తే 10 మైక్రాన్లకు పైనే. ఆర్ఏ అందులో సుమారు నాలుగో వంతు, అంటే 2.6. అడిగిందేమో 0.8! స్టెప్‌ఓవర్ 0.2 పెడితే గట్టు 1.7 మైక్రాన్లు, ఆర్ఏ కాగితం మీద 0.43. రనౌట్ (కట్టర్ కేంద్రం తప్పి తిరగడం), అదురు కలిసినా 0.8 లోపు నిలబెట్టుకునే చోటు ఉంటుంది.

చవక రేటు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఈ లెక్కే చెబుతుంది. 80 మి.మీ. వెడల్పుకి 0.2 చొప్పున 400 పాసులు (గీతలు), ఒక్కోటి 120 మి.మీ., మొత్తం 48 మీటర్ల కోత. ఫీడ్ (కట్టర్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 1200 మి.మీ. అయితే 40 నిమిషాలు. 0.5కి 16 నిమిషాలు చాలు. మిగిలింది ఎమెరీతో రుద్దించి సరిపెడతారు. రుద్దితే నష్టమేంటి అనకండి. కాగితం అంచు దగ్గర వంగి, అక్కడే ఎక్కువ తింటుంది. పార్టింగ్ లైన్ (అచ్చు రెండు సగాలు కలిసే అంచు) గుండ్రబడితే మౌల్డింగ్‌లో ఆ చుట్టూ ఫ్లాష్ (బయటికి కారిన పల్చటి ప్లాస్టిక్ పొర) వస్తుంది. పోయిన అంచుని వెల్డింగ్‌తో నింపి మళ్లీ మిల్లింగ్ చేయాల్సి రావచ్చు.

నిలదీస్తే మొదట వినిపించేది "మెషిన్ పాతది సార్". చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. వంపు మీద సన్నటి పలకలు మెరుస్తూ కనిపిస్తే, క్యామ్‌లో (కట్టర్ దారిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో) రఫింగ్‌కి, అంటే మొదటి ముతక కోతకి, పెట్టిన 0.05 మి.మీ. టాలరెన్స్‌ని (అసలు వంపు నుంచి తప్పడానికి ఇచ్చే వెసులుబాటుని) ఫినిషింగ్‌లోనూ మార్చకుండా వదిలేశారన్నమాట, అక్కడ 0.005 ఉండాలి. టాలరెన్స్ బిగిస్తే పాయింట్లు పెరుగుతాయి కాబట్టి ఫానుక్ కంట్రోల్‌లో జీ05.1 క్యూ1 (పాయింట్లని ముందే చదువుకుని ఆగకుండా సాగనిచ్చే కమాండ్) ఆన్ చేయాలి (ఆ ఆప్షన్ ఉంటేనే), లేదంటే మెషిన్ తడబడి ఆగిన చోటల్లా మచ్చ పడుతుంది. ఒక గీత నునుపుగా, పక్కది గరుకుగా ఉంటే జిగ్‌జాగ్ కోత: ఒక పాసు క్లైంబ్ (కట్టర్ పళ్లు ఫీడ్ దిశకి ఎదురుగా తిరుగుతూ కోయడం), తర్వాతిది కన్వెన్షనల్ (ఫీడ్ దిశలోనే తిరుగుతూ కోయడం). వంపు శిఖరం మీద మాత్రమే చిరిగినట్టుంటే కారణం బాల్‌నోస్ కొన. కొన మధ్యలో వేగం సున్నా. 0.1 మి.మీ. లోతులో 6 మి.మీ. కట్టర్ నిజంగా కోసే వ్యాసం 1.5 మాత్రమే, 6000 ఆర్‌పీఎం దగ్గర వేగం నిమిషానికి 29 మీటర్లే, 113 కాదు. స్పిండిల్ వేగం పెంచాలి, లేదా ముక్కని 15 డిగ్రీలు వాల్చి బిగించాలి. కట్టర్ హోల్డర్ బయటికి ఎంత చాచారో కూడా అడగండి: పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లు.

మనవైపు తప్పూ ఒకటుంది. డిజైన్‌ని ఎస్‌టీఎల్ ఫైల్‌గా పంపితే అందులోనే త్రిభుజపు పలకలుంటాయి, క్యామ్ వాటినే నమ్మకంగా చెక్కుతుంది. వంపుని వంపుగానే ఉంచే స్టెప్ ఫైల్ పంపండి.

పర్చేజ్ ఆర్డర్‌లో ‘మిర్రర్’ అనే మాట కొట్టేయండి. నిజమైన అద్దం మెరుపు మిల్లింగ్‌తో రాదు, స్టోన్, డైమండ్ పేస్ట్ పని అది, దాని రేటు వేరు. దాని బదులు ఇలా రాయండి: ఆర్ఏ 0.8, గట్లకు అడ్డంగా కొలవాలి (గట్ల వెంబడి కొలిస్తే ఎవరికైనా పాసవుతుంది), ఫినిష్ స్టెప్‌ఓవర్ 0.2కి మించకూడదు, ఫినిషింగ్‌కి అంతటా 0.2 మి.మీ. సమానంగా మిగల్చాలి, అనుమతి లేకుండా ఎమెరీ వాడకూడదు. ఆపరేటర్ మనూరివాడే కదా అని మొహమాటపడితే అక్కడే దెబ్బ తింటారు. టార్చ్, స్కేలు తీసుకుని వాళ్ల షాపుకే వెళ్లండి. ముక్క మెషిన్ మీద నుంచి దిగగానే, ఎవరూ రుద్దకముందే చూడండి.