బాధితులకు తోడుండే పనికి ఏ శిక్షణ మేలు: ఎమ్మెస్‌డబ్ల్యూనా, పీఎల్‌వీనా, ఆన్‌లైన్ కోర్సా?

డిగ్రీ అయిపోయిన అమ్మాయిలు, అంగన్‌వాడీ టీచర్లు, డ్వాక్రా సంఘాల్లో చురుగ్గా తిరిగే ఆడవాళ్లు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే వన్‌స్టాప్ సెంటర్‌లోనో పిల్లల సంస్థలోనో చేరి, నేరం బారిన పడినవాళ్లకు అండగా ఉండాలని ఉంది, ఏం నేర్చుకోవాలి అని. అమలాపురం, రాజోలు, నర్సాపురం నుంచి చూస్తే మూడు దారులున్నాయి: సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎమ్మెస్‌డబ్ల్యూ, న్యాయసేవా వాలంటీరు శిక్షణ పీఎల్‌వీ, ఆన్‌లైన్ కోర్సులు. ఖర్చెంత, ఎన్నాళ్లు అన్నది ఎలాగూ చూసుకుంటారు. నేనైతే అంతకంటే ముందు ఇంకోటి అడుగుతాను: ఆ శిక్షణ మిమ్మల్ని కూర్చోబెట్టి వినిపిస్తుందా, నిలబెట్టి మాట్లాడిస్తుందా?

ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే రెండేళ్ల చదువు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఇల్లు కదలలేనివాళ్లకు ఇగ్నో దూరవిద్య ఉంది. ఇగ్నోలో కౌన్సెలింగ్ మీద ప్రత్యేకంగా కూడా ఎమ్మెస్‌డబ్ల్యూ చేయొచ్చు. దీని అసలు బలం క్లాసుల్లో కాదు, ఫీల్డ్‌వర్క్‌లో. కాబట్టి చేరేముందు సిలబస్ కన్నా ఫీల్డ్‌వర్క్ ఎక్కడ వేస్తారో కనుక్కోండి. రెండేళ్లూ సర్వే ఫారాలు నింపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కాలేజీలూ లేకపోలేదు. వన్‌స్టాప్ సెంటర్‌లోనో, బాలల సంక్షేమ కమిటీ దగ్గరో వేస్తామంటే మాత్రం వదులుకోకండి.

దీనికి ఇంకో లాభం ఉంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల పక్కన ఉండే సపోర్ట్ పర్సన్‌ను బాలల సంక్షేమ కమిటీ నియమిస్తుంది. 2020 నాటి పోక్సో రూల్స్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. 2023లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా పట్టించుకున్నాక అర్హతల మీద పట్టింపు పెరిగింది. సోషల్ వర్క్, సైకాలజీ లాంటి వాటిలో పీజీ, లేదా డిగ్రీతో పాటు పిల్లల రంగంలో మూడేళ్ల అనుభవం చూస్తారు. దీన్నే వృత్తిగా చేసుకోవాలనుకునే ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఎమ్మెస్‌డబ్ల్యూ వృథా పోదు. నలభై దాటి, ఇల్లూ పిల్లల ఫీజులూ చూసుకుంటున్న ఆవిడకు అదే సలహా ఇస్తే నవ్వుతుంది.

అలాంటివాళ్లకు పీఎల్‌వీ, అంటే పారా లీగల్ వాలంటీర్. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2009లో మొదలుపెట్టిన పథకం. కోర్టు ఆవరణలోనే శిక్షణ, పైసా ఖర్చు లేదు, చెప్పేది జడ్జీలు, లాయర్లు. పరిహారం ఎలా ఇప్పించాలో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన చోటు లేదు. అత్యాచార బాధితురాలికి 2018 నాటి పరిహార పథకం కింద నాలుగు నుంచి ఏడు లక్షల దాకా వస్తుందని, దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకే పెట్టుకోవాలని, తీర్పు వచ్చేదాకా ఆగకుండా మధ్యంతర సాయం అడగొచ్చని ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఒక్కటి మాత్రం గమనించండి. 2024 జూలై 1 నుంచి చట్టాలు మారాయి, సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. పరిహారం సెక్షన్ 357ఏ పోయి 396 అయింది, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం 164 పోయి 183 అయింది. చేతికిచ్చిన నోట్సులో పాత నంబర్లే ఉంటే అక్కడే అడిగేయండి, మొహమాటపడొద్దు.

పీఎల్‌వీలో లోటు ఏమిటంటే, చట్టం చెబుతారు గానీ ఏడుస్తున్న మనిషి ఎదురుగా ఎలా కూర్చోవాలో పెద్దగా చెప్పరు.

ఆ లోటు ఆన్‌లైన్ కోర్సులు కొంత తీరుస్తాయి. వన్‌స్టాప్ సెంటర్ల సిబ్బంది కోసం 2022లో కేంద్రం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌తో కలిసి స్త్రీ మనోరక్ష అనే శిక్షణ మొదలుపెట్టింది. మీరు ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే దాని గురించి మీ ఆఫీసులో అడగండి. అమెరికా న్యాయశాఖ వాళ్లు బాధితుల సహాయకుల కోసం పెట్టిన ఉచిత ఆన్‌లైన్ శిక్షణ కూడా ఉంది. ఎలా వినాలి, విని విని మనం అలిసిపోతే ఏం చేయాలి అన్న పాఠాలు ఎక్కడివాళ్లకైనా పనికొస్తాయి. కానీ చట్టం వాళ్లది, భాష ఇంగ్లీషు. దూరవిద్యలో ఇగ్నో ఆరు నెలల మానవ అక్రమ రవాణా నిరోధక సర్టిఫికెట్ కోర్సు కోనసీమవాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తుంది. ఏజెంటు మాట నమ్మి గల్ఫ్ వెళ్లి, పాస్‌పోర్టు పోగొట్టుకుని తిరిగొచ్చిన ఆడవాళ్లు ఇక్కడ ఊరికొకరు కనిపిస్తారు.

ఇక ఈ మూడింట్లో ఏదీ సరిగ్గా నేర్పని విషయానికి వస్తాను. కోర్టు మెట్లెక్కే ముందు తల్లి అంటుంది: "లోపల ఏం చెప్పాలో మా పిల్లకి కాస్త చెప్పండి మేడం గారూ." ఎంత మంచి మనసున్నవాళ్లైనా ఇక్కడే జారతారు. తేదీ గుర్తుచేస్తారు, "సైకిల్ మీద వచ్చాడని చెప్పమ్మా" అంటారు. పోక్సో కోర్టులో డిఫెన్స్ లాయరు పిల్లను నేరుగా అడగడు, ప్రశ్న జడ్జి ద్వారా వస్తుంది. అలా వచ్చే ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఇలా ఉంటుంది: ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు? పిల్ల నిజమే చెబుతుంది, "మేడం గారు చెప్పారండి" అని. అన్నాళ్లు కాసుకున్న కేసు అక్కడ నీరుగారిపోతుంది.

చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ ఏం చెప్పాలి? జడ్జి గారు ఎక్కడ కూర్చుంటారో, ముద్దాయి నీకు కనపడకుండా ఏర్పాటు చేస్తారని, ప్రశ్న అర్థం కాకపోతే అర్థం కాలేదనమని, గుర్తు లేకపోతే గుర్తు లేదనమని, అలిసిపోతే కాసేపు ఆపమని అడగొచ్చని. అంతే, జరిగిన సంగతి జోలికి పోకూడదు. ఈ గీత ఎక్కడుందో పుస్తకం చదివితే తెలుస్తుంది గానీ, ఆ తల్లి చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నప్పుడు దాటకుండా ఉండటం అలవాటుతోనే వస్తుంది. ఈత గట్టు మీద నిలబడి నేర్చుకోలేం కదా.

ఇంకొకటి. పిల్ల నోరు విప్పే ముందు "ఎవరికీ చెప్పనులే" అని మాటిచ్చేస్తారు చాలామంది. పోక్సో నేరం జరిగిందని తెలిశాక పోలీసులకు చెప్పకపోవడమే నేరం. నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం, పాపం, ఆ పిల్లకు రెండో మోసం.

అందుకే శిక్షణ ఎవరిదైనా, అందులో ఒకరు తల్లిగా, ఒకరు పిల్లగా, ఒకరు "కేసెందుకమ్మా, పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చేసుకుందాం" అనే మేనమామగా నటించి, మీ చేత జవాబు చెప్పించే క్లాసు ఉందా లేదా చూడండి. లేకపోతే ఈ పనిలో అనుభవమున్న పాత మనిషిని ఒకరిని పట్టుకుని వాయిదాలకు వెనకాల తిరగండి. పదిసార్లు వాయిదా పడ్డాక ఆ కుటుంబానికి బస్సు చార్జీలకు కూడా డబ్బుల్లేని స్థితి వస్తుంది. అప్పుడు బాలల సంక్షేమ కమిటీని సాయం ఎలా అడగాలో ఏ పవర్‌పాయింటూ చూపించదు.

నా లెక్క ఇది: వయసు, చదువుకునే వీలు ఉంటే ఎమ్మెస్‌డబ్ల్యూ, సెలవుల్లో కోర్టు చుట్టూ తిరగడం. ఊళ్లో ఇప్పటికే పదిమంది మీ గుమ్మానికి వస్తున్నారంటే పీఎల్‌వీ, ఆ పక్కనే అనుభవమున్న కౌన్సెలర్ ఒకరు. ఒక్క ఆన్‌లైన్ సర్టిఫికెట్ పట్టుకుని బాధితురాలి ఇంటికి వెళ్లడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు అది అదనపు బలం, అంతే.

శిక్షణ పెట్టే సంస్థలకు ఒక మాట. జూలై, ఆగస్టుల్లో పెట్టకండి. వరదొస్తే లంకల్లో కాజ్‌వేలు మునుగుతాయి, సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) ఆగుతుంది, రావాల్సినవాళ్లే రాలేరు. సాయంత్రం నాలుగింటికల్లా వదిలేయండి. పీఎల్‌వీకి ఎప్పుడు తీసుకుంటారో మీ ఊరి కోర్టులోని మండల న్యాయసేవాధికార కమిటీ ఆఫీసులో కనుక్కోండి. దారి ఖర్చులు ఇస్తారా అని కూడా అప్పుడే అడగండి.