నిర్మల్ జింక బొమ్మ: రంగు కన్నా ముందు కాళ్లు చూడండి

జానెడు ఎత్తు కొయ్య జింక. ఒళ్లు, కాళ్లు, కొమ్ములు విడివిడిగా చెక్కి అతికిస్తారు. బాసర దర్శనమయ్యాక నిర్మల్‌లో కాసేపు ఆగి బొమ్మలు కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోకండి. ఆ మెరుపు డ్యూకో రంగుది. అసలు పనంతా దాని కిందే ఉంది.

కర్ర పొనికి. చేతిలో పెట్టుకుంటే బెండులా తేలిగ్గా ఉండాలి. బరువనిపిస్తే అది వేరే కర్రయినా కావాలి, ఆరకముందే చెక్కిన పొనికైనా కావాలి. పచ్చి కర్ర రంగేశాక కూడా ముడుచుకుంటూనే ఉంటుంది, పైపూత ముడుచుకోదు. ఎండాకాలం వచ్చేసరికి పొట్ట మీద నిలువునా సన్నని చీలిక పడుతుంది.

అతుకులకు వాడేది లప్పం. చింతగింజలు నానబెట్టి, పైపొట్టు తీసి, రుబ్బి ఉడికించిన జిగురులో మెత్తని రంపపు పొట్టు కలుపుతారు. పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. ఒకేసారి దట్టంగా పట్టిస్తే పైన పెచ్చు కట్టి లోపల తడి నిలిచిపోతుంది. మండుటెండలో పెడితే మరీ చేటు. సన్నని సెగ మీద ఆర్చడమే పద్ధతి. పండగ ఆర్డర్ల తొందరలో ముందుగా కోత పడేది ఈ ఆరుదలకే. ఆపైన సుద్దపూత, గరుకు కాగితంతో నునుపు, ఆ తర్వాతే రంగు.

కాలు ఒంటితో కలిసేచోట గోరు జరిపి చూడండి. ఈ బొమ్మకు ముందు కాళ్ల అతుకు గోరుకు దొరకలేదు. వెనక ఎడమకాలి దగ్గర మాత్రం బియ్యపుగింజంత పల్లం, లోపలి లప్పం ఆలస్యంగా ఆరి కుంగింది. కన్ను చూసి ఆ తప్పు మన్నించాలనిపిస్తుంది. నల్లచుక్క చుట్టూ తెల్లగీత, మొదట కాస్త లావుగా, చివర వెంట్రుకవాసి. కుంచె ఎక్కడా ఎత్తకుండా తిప్పిన గీత అది. ఒంటి మీది చుక్కలు మాత్రం అచ్చు గుద్దినట్టున్నాయి, చెయ్యి అక్కడికి విసిగిపోయినట్టుంది.

2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు బొమ్మ ఏ ఊరిదో చెబుతుంది, ఎన్నాళ్లు ఆరిందో చెప్పదు. అది గోరుకే తెలియాలి.

తడిగుడ్డతో తుడవకండి, ఎక్కడైనా రంగు లేచి ఉంటే అక్కడ జిగురు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. పాత నూలుగుడ్డ చాలు. ఎండ నేరుగా తగిలే కిటికీలో పెట్టొద్దు.

చెప్పి చేయించుకునేవాళ్లు దసరాకు కావాలని శ్రావణంలో అడగకండి. వానల్లో లప్పం ఆరదు. మాఘంలోనే చెప్పిపెట్టండి.