విల్మ్స్ ట్యూమర్: ముందు ఆపరేషనా, ముందు కీమోనా?

పిల్లల కిడ్నీ కేన్సర్లలో ఎక్కువ భాగం విల్మ్స్ ట్యూమరే. అదీ ఐదేళ్ల లోపు వాళ్లలో. స్నానం చేయించేటప్పుడు పొట్టలో ఒక పక్క గట్టిగా చేతికి తగిలి బయటపడుతుంటుంది. పిల్లల కేన్సర్ వైద్యుల రెండు పెద్ద బృందాలవి రెండు దారులు. అమెరికా సీఓజీ పద్ధతిలో ముందు కిడ్నీ తీసేసి తర్వాత కీమో ఇస్తారు. యూరప్ సియాప్ పద్ధతిలో కీమో ముందు, ఆపరేషన్ తర్వాత. రెంటిలోనూ సుమారు 90 శాతం మంది బతుకుతున్నారు. కాబట్టి చూడాల్సింది, మన బిడ్డకు ఏ దారిలో హాని తక్కువ అన్నదే.

గడ్డ పెద్దదైతే ముందు కీమోయే మేలు. మన దగ్గర చాలామంది పిల్లలు గడ్డ బాగా పెరిగాకే వస్తారు గనుక ఇది ముఖ్యం. వ్యాధి దూరపు అవయవాలకు పాకకపోతే కీమో నాలుగు వారాలు: విన్‌క్రిస్టిన్ వారం వారం, యాక్టినోమైసిన్-డి ఒకటి, మూడు వారాల్లో. 12 కిలోల లోపు పిల్లలకు డోసు మూడింట రెండు వంతులే. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం వస్తుంది, మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు అడగండి. గడ్డ కుంచించుకుపోతే ఆపరేషన్లో చిట్లే ముప్పు తగ్గుతుంది. చిట్లితే మాత్రం స్టేజి 3 (పొట్టలో కేన్సర్ మిగిలిన దశ) కింద లెక్క: పొట్టకు రేడియేషన్, పైగా గుండెను దెబ్బతీయగల డాక్సోరూబిసిన్. బ్రిటన్‌లో రెండు పద్ధతుల్నీ పోల్చిన యూకేడబ్ల్యూ3 ట్రయల్‌లో, ముందు కీమో వల్ల సుమారు ఐదో వంతు పిల్లలకు ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పింది. బతికినవారి శాతం తగ్గలేదు.

రెండు కిడ్నీల్లోనూ గడ్డలుంటే ఇరుపక్షాలదీ ఒకే మాట, ముందు కీమో. వీలైనంత కిడ్నీ మిగల్చాలి కదా.

ఆర్నెల్ల లోపు పసివాళ్లకు సియాప్ కూడా ఆపరేషనే ముందంటుంది. రెండేళ్ల లోపు బిడ్డకు తీసిన కిడ్నీ, గడ్డ కలిపి 550 గ్రాముల లోపు ఉండి, స్టేజి 1 (గడ్డ కిడ్నీలోనే ఉండి, పూర్తిగా తీసేసింది) అయి, కణాలు మంచి రకమైతే (చికిత్సకు బాగా లొంగేవి), సీఓజీ పద్ధతిలో అసలు కీమోయే లేకుండా గడిచిపోవచ్చు. ముందే కీమో ఇచ్చేస్తే ఈ అవకాశం పోతుంది.

టీనేజి పిల్లల సంగతి వేరు. వాళ్లలో అది రీనల్ సెల్ కార్సినోమా అనే మరో రకం కిడ్నీ కేన్సర్ కావచ్చు. దానికి విన్‌క్రిస్టిన్ పని చేయదు, ఆపరేషనే ప్రధానం. గడ్డ ఏ రకమో తేలకుండా కీమో మొదలుపెడితే విలువైన వారాలు వృథా.

ఏ దారైనా ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ని ఒక మాట అడగండి: కేన్సర్ పాకిందేమో చూడటానికి కిడ్నీ దగ్గరి లింఫు గ్రంథులు ఎన్ని తీస్తారు? సియాప్ కనీసం ఏడు కావాలంటుంది. అవి పరీక్షకు వెళ్లకపోతే స్టేజి తక్కువగా తేలి, అవసరమైన చికిత్స అందక, వ్యాధి తిరగబెట్టవచ్చు.