హోప్ ఐలాండా, గ్రేట్ నికోబారా: ఏది మేలు?

జనం పలుచగా, వన్యప్రాణులు నిండుగా ఉన్న దీవిని చూడగోరే విశాఖవాసులకు రెండు దారులున్నాయి. ఒకటి కాకినాడ ఎదుట గోదావరి తెచ్చిన ఇసుక మేటతో ఏర్పడిన హోప్ ఐలాండ్. రెండవది బంగాళాఖాతానికి ఆవలి అంచున, దేశపు దక్షిణ కొన ఇందిరా పాయింట్ ఉన్న గ్రేట్ నికోబార్.

హోప్ ఐలాండ్‌కు ప్రయాణం సులువు. ఉదయం కాకినాడలో పడవ ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పక్కనే 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం, దాని మడ అడవులు, నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. అయితే చాలామంది ఈ దీవికి వెళ్లేది ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకెక్కేది రాత్రివేళ కనుక, పగటి సందర్శకునికి మిగిలేది ఇసుకలోని జాడలే. అదే తాబేలు మన విశాఖ తీరానికీ వస్తుంది. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ సంరక్షణ కేంద్రాలవారు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే వేళకు వెళ్తే వాటి తొలి అడుగులను ఇక్కడే కళ్లారా చూడవచ్చు. తాబేలు కోసమే అయితే హోప్ ఐలాండ్ ఇసుకను తొక్కకపోవడమే దానికి మనం చేసే మేలు.

గ్రేట్ నికోబార్‌లో కనిపించేవి మన తీరాన దొరకవు. ఆకులు, మట్టి, ఇసుక కుప్పపోసి, అవి కుళ్లే వేడికే గుడ్లు పొదగనిచ్చే నికోబార్ మెగాపోడ్ పక్షి, తాబేళ్లన్నిటిలో పెద్దదైన లెదర్‌బ్యాక్, పొడుగు తోక కోతులు అక్కడ ఉన్నాయి. 2004 సునామీలో నేల కుంగి, ఆ పక్షుల దిబ్బలెన్నో కొట్టుకుపోయాయి. లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెట్టే గలాతియా తీరంలోనే పెద్ద ఓడరేవు కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. ఈ సంగతి తెలిసినప్పటినుంచి, చూడదలచినవారు వాయిదా వేయరాదనే నా అభిప్రాయం బలపడింది.

కష్టం మాత్రం తక్కువేమీ కాదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ఓడలో రెండు రోజులు దాటుతుంది, ఆ ఓడ తరచుగా ఉండదు. అక్కడినుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు మరో ఓడ. అక్కడి ఆదివాసులైన షోంపెన్, నికోబారీల నివాస ప్రాంతాలలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు, పెట్టాలని కోరుకోనూ కూడదు.

నాలుగు రోజుల సెలవుంటే కోరంగి మడ అడవులే మేలు. మూడు వారాలు కేటాయించగలిగితే గ్రేట్ నికోబార్‌నే ఎంచుకోవాలి. డిసెంబరు, జనవరి నెలలు లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెట్టే కాలం.