కీబోర్డు మీద గిటార్: నాలుగేళ్లు వాడాక ఏది దేనికి పనికొచ్చిందంటే

అమీర్‌పేటలో ఏ అపార్ట్‌మెంట్ గదిలోనైనా కండెన్సర్ మైక్ పెట్టి అకౌస్టిక్ గిటార్ రికార్డు చేసి చూడండి. గిటార్ కంటే ముందు సీలింగ్ ఫ్యాన్ వినిపిస్తుంది, ఆ తర్వాత బోరు మోటారు, ఆపైన రోడ్డు మీది హారన్లు. పోనీ ఫ్యాన్ ఆపుదామంటే మే నెలలో రెండో టేకుకే వేళ్లు చెమటకు జారిపోతాయి. ఎలక్ట్రిక్ గిటార్‌తో ఈ గోల ఉండదు. కేబుల్ తీసి ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) గుచ్చితే చాలు. గిటార్ లేకుండా పని జరగాలంటే లైబ్రరీ కొనాలి: అసలు గిటార్ స్వరాల చిన్న చిన్న రికార్డింగులను (శాంపిల్స్) కీబోర్డుతో వాయించుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. కాబట్టి ఒక్క లైబ్రరీకే డబ్బులున్నాయనుకుంటే అకౌస్టిక్‌దే కొనండి. ఎలక్ట్రిక్ కావాలంటే ఓ సెకండ్ హ్యాండ్ గిటార్ వెతుక్కోవడం మేలు.

నాలుగేళ్లకు పైగా పాటల డెమోలకు, షార్ట్ ఫిల్మ్ బీజీఎంకు, క్రైస్తవ గీతాలకు మార్చి మార్చి వాడినవి ఇవి: యాంపిల్ సౌండ్ వారి యాంపిల్ గిటార్ ఎం, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సెషన్ గిటారిస్ట్ వరుసలో స్ట్రమ్డ్ అకౌస్టిక్, పిక్డ్ అకౌస్టిక్, యూజామ్ వర్చువల్ గిటారిస్ట్ యాంబర్, మ్యూజిక్‌ల్యాబ్ రియల్ గిటార్, ఎలక్ట్రిక్‌కు ష్రెడేజ్ 3 స్ట్రాటస్. వీటిలో ఏదీ అన్ని పనులూ చేయదు.

డెమో వీడియోలో టోన్ విని కొనేస్తే దెబ్బతింటారు. టోన్ ఈరోజుల్లో అన్నింటికీ బాగానే ఉంటుంది. చూడాల్సింది అది తీగను ఎలా ఎంచుకుంటోందన్నది. మిడిల్ సి మీది ఇ స్వరం పియానోలో ఒక్క చోటే ఉంటుంది. గిటార్‌లో అదే స్వరం మొదటి తీగ ఖాళీగా మీటితే వస్తుంది, రెండో తీగ 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీత), మూడో తీగ 9వ ఫ్రెట్, నాలుగో తీగ 14వ ఫ్రెట్, అయిదో తీగ 19వ ఫ్రెట్‌లలోనూ వస్తుంది. శ్రుతి ఒకటే, రంగు వేరు. ఖాళీ తీగ గణగణ మోగుతుంది, 14వ ఫ్రెట్‌లో గొంతు లావెక్కుతుంది. మీరు 9వ ఫ్రెట్ దగ్గర ఒక లైన్ వాయిస్తుండగా లైబ్రరీ మధ్యలో ఆ ఒక్క ఇ స్వరాన్ని ఖాళీ తీగకు పంపిందనుకోండి, ఆ ఒక్క అక్షరం వేరే గాయకుడు పాడినట్టు ఉంటుంది. శ్రోత ఎందుకో చెప్పలేడు గానీ "ఇది కీబోర్డు" అనేస్తాడు.

ట్రయల్ వెర్షన్ చేతికి రాగానే ఇదే పరీక్ష పెట్టండి: మిడిల్ సి దగ్గర మొదలుపెట్టి రెండు ఆక్టేవ్‌లు మెల్లగా పైకెళ్లి కిందికి రండి, ఫ్రెట్‌బోర్డు బొమ్మ మీద చుక్క ఎక్కడికి గెంతుతోందో గమనించండి. రియల్ గిటార్‌లో ఎడమచేతి స్థానం మీ స్వరాలను బట్టి తనంతట తానే జరుగుతుంది, అందుకే సహజంగా అనిపిస్తుంది. యాంపిల్‌లో కాపో (మెడ మీద తీగలన్నింటినీ అదిమే క్లిప్పు) స్థానం మనమే పెట్టుకోవచ్చు, కీస్విచ్‌తో (స్వరం మోగించకుండా వాయించే తీరును మార్చే కీ) ఫలానా తీగ మీదే వాయించమని పట్టుబట్టనూవచ్చు. లీడ్ లైన్లు, ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం) ఎక్కువగా రాసేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం కోసమే దాన్ని సిఫారసు చేస్తాను. మార్టిన్ డి-41 గిటార్ శాంపిల్స్ అన్న మాట రెండోది. దాని ఉచిత లైట్ వెర్షన్ కూడా ఉంది, ముందు అది దింపుకొని నెల రోజులు వాడి చూడండి.

కీబోర్డు ప్లేయర్లు ఎక్కువగా చేసే తప్పు కార్డ్‌లో (కలిపి మోగించే స్వరాల గుంపు) ఉంటుంది. జి మేజర్ అనగానే చెయ్యి జి-బి-డి అని మూడు వేళ్లు వేసేస్తుంది. గిటారిస్టు పట్టే ఓపెన్ జి లో ఆరు స్వరాలుంటాయి. కింది నుంచి జి, బి, డి, జి, బి, మళ్లీ జి: మొత్తం రెండు ఆక్టేవ్‌ల విస్తీర్ణం. ఓపెన్ సి లో అయిదే తీగలు మోగుతాయి: సి, ఇ, జి, సి, ఇ. కింది ఆరో తీగను వదిలేస్తారు. ఇవి రెండు చేతులతో విడదీసి మిడిలోకి (ఏ కీ, ఎంత బలంగా, ఎంతసేపు అని కంప్యూటర్ రాసుకునే సమాచారం) ఎక్కించి చూడండి, ఉచిత లైబ్రరీ కూడా ఒక్కసారిగా గిటార్‌లా మాట్లాడుతుంది. అన్నీ ఒకేసారి మోగకూడదు. డౌన్ స్ట్రోక్‌లో తీగకూ తీగకూ మధ్య 5 నుంచి 8 మిల్లీసెకన్లు చాలు, మెలోడీ పాటలో ఆఖరి కార్డ్‌కు 20 దాకా లాగవచ్చు. అప్ స్ట్రోక్‌లో పై శ్రుతి మూడు, నాలుగు తీగలే తగలాలి. వెలాసిటీ (మీటే బలం) డౌన్‌కు 95–105, అప్‌కు 60–75 ప్రాంతంలో పెట్టండి. అప్ స్ట్రోక్‌లో ఆరు తీగలూ అదే బలంతో మోగితే పెళ్లి బ్యాండులా ఉంటుంది.

ఇంత ఓపిక లేనివాళ్లకే ప్యాటర్న్ లైబ్రరీలు, అంటే స్ట్రోక్‌ల వరస ముందే సిద్ధంగా ఉన్నవి. స్ట్రమ్డ్ అకౌస్టిక్, యాంబర్ రెండింటిలోనూ కుడిచేత్తో కార్డ్ పట్టుకొని ఎడమచేత్తో ప్యాటర్న్ మారిస్తే చాలు. రాత్రి పదకొండుకు ట్యూన్ వచ్చి పొద్దున్నకల్లా డెమో పంపాలంటే ఇంతకు మించిన మందు లేదు. 4/4లో నాలుగు కార్డ్‌ల ఆరాధన పాటకు స్ట్రమ్డ్ అకౌస్టిక్ పది నిమిషాల పని. అయితే అందులో మెలోడీ వాయించలేరు, దాని పని స్ట్రమ్మింగ్ ఒక్కటే. సింగిల్ నోట్లు కావాలంటే పిక్డ్ అకౌస్టిక్‌లో ప్యాటర్న్‌తో పాటు మెలోడీకి విడిగా ఇన్‌స్ట్రుమెంట్ ఉంటుంది. ఈ సంగతి చూసుకోకుండా కొని తర్వాత తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

మన పాటల దగ్గరికొచ్చేసరికి ప్యాటర్న్ లైబ్రరీలకు అసలు చిక్కు తాళం. 4/4కు ఉన్నన్ని ప్యాటర్న్‌లు 6/8కు దొరకవు. జానపదాల్లో, మాస్ బీట్లలో సగం తిశ్ర నడకే మరి. దీనికో ఉపాయం ఉంది. రెండు 6/8 బార్లు కలిపితే ట్రిప్లెట్ నడకలో ఉన్న ఒక 4/4 బారు అవుతుంది. ప్రాజెక్టును 6/8లో పెట్టకుండా 4/4లో పెట్టి, పాట అడుగు (చుక్క క్వార్టర్ నోట్) 100 అయితే టెంపో 100 ఇచ్చి, గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చండి. ఇప్పుడు షఫుల్, ట్రిప్లెట్ ప్యాటర్న్‌లన్నీ మీ పాటకు సరిపోతాయి. పాట సందు తిరిగే చోట బేసి బారు మిగిలితే అక్కడొక్కచోట 2/4 బారు పెట్టండి.

ఏడు దెబ్బల మిశ్రచాపుకు ఈ కిటుకు పనిచేయదు. అక్కడ యాంపిల్ స్ట్రమ్మర్‌లో స్ట్రోక్‌లు మన చేత్తో రాసుకోవాల్సిందే. స్ట్రమ్ మోడ్‌లో డౌన్‌కొక కీ, అప్‌కొక కీ ఉంటాయి కాబట్టి తకిట–తకధిమి అని నోటితో అనుకుంటూ ఏడు ఎనిమిదోవంతు నోట్లు గీయండి: డౌన్, అప్, డౌన్, మళ్లీ డౌన్, అప్, డౌన్, అప్. మొదటి "త"కు 105, నాలుగో దెబ్బగా వచ్చే రెండో "త"కు 95, మిగతావన్నీ 70 చుట్టూ. మూడో దెబ్బను మ్యూట్ స్ట్రోక్ చేస్తే మృదంగానికి దారి ఇచ్చినట్టవుతుంది. రెండు డౌన్‌లు పక్కపక్కన పడే చోటే తాళం విరుపు వినపడుతుంది, దాన్ని అప్‌గా మార్చి "సరిచేయకండి".

గమకాల సంగతి. తీగను లాగితే శ్రుతి పెరుగుతుందే తప్ప తగ్గదు. పిచ్ వీల్ (కీబోర్డు మీద శ్రుతి వంచే చక్రం) కిందికి తిప్పారంటే గుట్టు బయటపడుతుంది. కంపితం కావాలంటే కింది స్వరం మీటి పైకి లాగి వదలండి. వీల్ మామూలు పరిధి రెండు సెమిటోన్లే. తోడి గాంధారంలా రిషభం వైపు నుంచి మధ్యమం దాకా ఊగే చోట అది చాలదు, లైబ్రరీలో పరిధిని 4కు పెంచాలి. డా (DAW, పాటను రికార్డు చేసి కూర్చే) ప్రోగ్రామ్‌లో గీసిన వీల్ గీతలన్నీ అప్పుడు రెట్టింపు లాగుతాయి కాబట్టి ఆ పని ముందే చేసుకోండి. అకౌస్టిక్ మీద నాలుగు సెమిటోన్ల బెండ్ ఎలాగూ ఎబ్బెట్టే. అలాంటి చోట లెగాటో (మళ్లీ మీటకుండా స్వరాలను కలపడం) స్లైడ్ ఆర్టిక్యులేషన్ (వాయించే తీరు) వాడితే ఫ్రెట్ల మీద వేలు జారిన శబ్దం కూడా వస్తుంది. స్లైడ్, హ్యామర్-ఆన్ (మీటకుండా వేలితో ఫ్రెట్ మీద కొట్టి స్వరం పలికించడం) పలకాలంటే మొదటి నోటు తోక రెండో నోటు మీదికి కొంచెం ఎక్కాలి. క్వాంటైజ్ (నోట్లను తాళం గ్రిడ్‌కు సర్దడం) కొట్టి నోట్ల పొడవులు కత్తిరిస్తే లెగాటో మాయమై ప్రతి స్వరం విడిగా మీటినట్టు పడుతుంది. "ఆర్టిక్యులేషన్ పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మిగతావాటికి కారణం ఆక్టేవ్ అంకె. మిడి నోటు 60ని, అంటే మిడిల్ సి ని, డా ప్రోగ్రాముల్లో క్యూబేస్, లాజిక్ సి3 అంటాయి, రీపర్ సి4 అంటుంది, ఎఫ్ఎల్ స్టూడియో సి5 అంటుంది. మాన్యువల్‌లో చెప్పిన కీస్విచ్‌ను మీ పియానో రోల్‌లో అదే పేరుతో వెతికితే ఒకటో రెండో ఆక్టేవ్‌లు పక్కన పడతారు. పేరు వదిలేయండి, లైబ్రరీ తెర మీది కీబోర్డు బొమ్మను మౌస్‌తో నొక్కి మీ ట్రాక్‌లోని ఏ కీకి అది వెలుగుతోందో చూసుకోండి.

ఎలక్ట్రిక్ గురించి పొట్టిగా. స్ట్రాటస్ లాంటివి డీఐ శబ్దం (యాంప్ లేకుండా తీగల నుంచి నేరుగా వచ్చేది) ఇస్తాయి, యాంప్ మనమే పెట్టుకోవాలి. ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్, దాని వెనక ఒక క్యాబినెట్ ఐఆర్ (స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే ఫైలు) చాలు. యాంప్‌లోకి వెళ్లే పీక్ సుమారు మైనస్ 12 డీబీ దగ్గర ఉంచండి. లైబ్రరీ అవుట్‌పుట్‌ను ఉన్నది ఉన్నట్టు పంపితే క్లీన్ ప్రీసెట్ కూడా గరగరమంటుంది. డిస్టార్షన్ మీద పూర్తి కార్డ్ వేయకండి, మూలస్వరం, పంచమం రెండే. రిథమ్‌ను ఎడమకొకటి కుడికొకటి పెట్టాలనుకొని అదే ట్రాక్‌ను కాపీ చేస్తే వెడల్పు రాదు. రెండువైపులా అవే శాంపిల్స్ మోగి మధ్యలో మోనోగానే కూర్చుంటాయి. కాపీలో మిడిని ఒక సెమిటోన్ పైకి జరిపి, లైబ్రరీ ట్యూనింగ్‌ను ఒక సెమిటోన్ కిందికి దించండి. శ్రుతి అదే, శాంపిల్స్ మాత్రం పక్క ఫ్రెట్‌వి. పైగా రెండో ట్రాక్‌ను కొత్తగా వాయిస్తే ఇంకా మంచిది.

లైబ్రరీలో ముందే వేసి వచ్చే రివర్బ్ తీసేయడం నాకు అలవాటైపోయింది. అకౌస్టిక్‌ను సోలోలో వింటే బాగుంటుంది గానీ డప్పు, బేస్ చేరాక బురదే. 100–120 హెర్ట్జ్ కింద కోసేసి, 200–300 మధ్య రెండు మూడు డీబీలు తగ్గిస్తే గాయకుడి మాట బయటికొస్తుంది.

కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్, లైబ్రరీలకు విడిగా ఒక ఎస్ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) ఒక పూటలో తేలే పని అది. పాత హార్డ్ డిస్క్ మీద పెడితే వేగంగా స్ట్రమ్ చేసినప్పుడు నోట్లు తెగిపోతాయి. వాయిస్తున్నప్పుడు బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఎంత ముక్కలుగా పంపాలన్న సెట్టింగు) 128 శాంపిల్స్ పెట్టండి, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర కీ నొక్కాక శబ్దం వినపడే ఆలస్యంలో అది దాదాపు 3 మిల్లీసెకన్లు. 512కు వెళ్తే 11.6, అంటే స్ట్రమ్మింగ్ చేతికి అడ్డు తగులుతుంది. మిక్స్ చేసేటప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు.

కాంటాక్ట్ అనే ప్రోగ్రామ్‌లో నడిచే లైబ్రరీ కొనే ముందు "కాంటాక్ట్ ప్లేయర్ చాలు" అని రాసుందా, "పూర్తి కాంటాక్ట్ కావాలి" అని రాసుందా చదవండి. ప్లేయర్ ఉచితమే, కానీ రెండో రకం లైబ్రరీ అందులో 15 నిమిషాలు మోగి ఆగిపోతుంది. ధరలు డాలర్లలో, యూరోల్లో ఉంటాయి. బ్యాంకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి, బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్, దానిమీద జీఎస్టీ కూడా లెక్కేసుకోండి. నవంబరు ఆఖరి వారం బ్లాక్ ఫ్రైడేకు చాలావాటి ధరలు దిగుతాయి, అక్టోబరులో తొందరపడకండి. విండోస్ ఫార్మాట్ కొట్టే ముందు యాక్టివేషన్ విడిపించడం మరిస్తే కొన్ని కంపెనీల సపోర్ట్‌కు మెయిళ్లు రాస్తూ వారం గడుస్తుంది.

డెమో ఓకే అయ్యి లైవ్ గిటారిస్టును పిలిచే రోజు వస్తే, ఆయనకు మీ గిటార్ ట్రాక్ మ్యూట్ చేసిన మిక్స్ ఒకటి, గిటార్ ఒక్కటే ఉన్న ఫైలు ఒకటి, కాపో ఏ ఫ్రెట్‌లో ఉందో రాసిన కార్డ్ షీటు ఒకటి ముందురోజే పంపండి. కాపో అంకె లేకపోతే మొదటి గంట దానికే పోతుంది.