పాడ్ కాఫీ మెషీన్‌తో ఏడేళ్ళు: పాలు పోసుకుని తాగేవాళ్ళ కోసం

మా వంటింటి గట్టు మీద ఇప్పుడున్నది రెండో పాడ్ మెషీన్. పాడ్ అంటే ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బీ, మెషీన్ దానిలోకి వేడినీళ్ళు పంపి కాఫీ తీస్తుంది. మొదటిది 2018లో ఆరిజోనాలోని చాండ్లర్‌కి మారినప్పుడు కొన్నాం, మూడేళ్ళు వాడాం. రెండోది 2021 థాంక్స్‌గివింగ్ సేల్‌లో తీసుకున్నాం. అప్పటినుంచి నాకూ మా ఆయనకూ కలిపి రోజుకు నాలుగు కప్పులు దాని మీదే నడుస్తున్నాయి. రెండూ డబ్బు పెట్టి కొన్నవే. ఎవరు తయారుచేశారన్నది చెప్పను, ఎందుకంటే అది అంత ముఖ్యం కాదని ఇన్నేళ్ళకు నాకు అర్థమైంది. ఎంచుకోవాల్సింది మెషీన్‌ని కాదు, పాడ్‌ని.

కొనేముందు నేను చూసిన రివ్యూలన్నీ నల్ల కాఫీ తాగేవాళ్ళవే. పైన నురగ ఎంత మందంగా వచ్చింది, పండ్ల వాసన వచ్చిందా, కోకో వాసన వచ్చిందా అని. మన ఇళ్ళలో ప్రశ్న అది కాదు. పాలు, చక్కెర పడ్డాక ఇంకా అందులో కాఫీ మిగిలిందా లేదా? మిగతావన్నీ ఆ తర్వాత.

మొదట కొన్నది కె-కప్ మెషీన్. ఆఫీసులో రోజూ చూసి అలవాటైపోయి అదే ఇంటికి తెచ్చుకున్నాం. క్యూరిగ్ వాళ్ళు 1998లో దీన్ని ముందు ఆఫీసుల కోసమే బయటికి తెచ్చారు, ఇళ్ళలోకి తర్వాత వచ్చింది. ఆ పుట్టుక దాని స్వభావంలో ఇప్పటికీ కనిపిస్తుంది. ప్లాస్టిక్ కప్పులో చిన్న కాగితపు ఫిల్టర్, అందులో పది గ్రాముల అటూ ఇటూ పొడి. పైన ఒక సూది, కింద ఒక సూది గుచ్చుకుంటాయి, వేడి నీళ్ళు పెద్దగా ఒత్తిడి లేకుండా దాని గుండా దిగిపోతాయి. ఎనిమిది ఔన్సుల బటన్ నొక్కితే పావు లీటరుకు కాస్త తక్కువగా పల్చటి కాఫీ వస్తుంది. అమెరికన్లకు కావాల్సింది సరిగ్గా అదే. మనకు అందులో నీళ్ళు ముందే పడిపోయాయి. ఇక పాలు పోస్తే రంగు మారిన వేడినీళ్ళే.

మూడేళ్ళూ దాన్ని దారికి తేవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. అన్నిటికంటే చిన్న కొలత నొక్కి, మామూలు పాలకు బదులు సగం పాలు సగం క్రీమ్ ఉండే హాఫ్ అండ్ హాఫ్ పోస్తే కొంత నయం. చిక్కగా ఉంటుంది కాబట్టి రెండు మూడు చెంచాలతోనే సరిపోతుంది. మళ్ళీ మళ్ళీ నింపుకునే జాలీ బుట్ట కొని అందులో ఇండియన్ షాపు ఫిల్టర్ పొడి కూడా వేసి చూశాను. చికోరీ కలిసిన మెత్తటి పొడి అది, తడవగానే ముద్దకట్టి జాలీని మూసేసింది. నీళ్ళు కిందికి దిగలేక పైకి పొర్లాయి, కప్పు నిండా పొడి తేలింది. గట్టు తుడుచుకోవడానికి పది నిమిషాలు పట్టింది, ఆ రోజు కాఫీ ఇన్‌స్టంటే.

2019లో మా అత్తయ్యగారు వచ్చారు. మొదటి రోజు కప్పు చేతికిస్తే, "బాగానే ఉందమ్మా, వేడిగా ఉంది" అన్నారు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో అల్మారాలన్నీ తెరిచి ఉన్నాయి. "ఫిల్టర్ ఏమన్నా ఉందేమోనని చూస్తున్నాను. లేకపోతే బ్రూ అయినా పర్వాలేదులే" అన్నారు. వేడిగా ఉందన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే ఇండియన్ షాపుకి వెళ్ళి స్టీలు ఫిల్టర్ కొన్నాను. అది ఇప్పటికీ ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండోసారి కొనేటప్పుడు క్యాప్సూల్ అనే చిన్న అల్యూమినియం పాడ్ వైపు వెళ్దామని ముందే అనుకున్నాం. ఎరిక్ ఫావ్ర్ అనే స్విస్ ఇంజనీరు 1970లలో నెస్లేలో పనిచేస్తూ కనిపెట్టిన పద్ధతి ఇది. నెస్ప్రెసో పేరుతో 1986లో వ్యాపారం మొదలైంది. క్యాప్సూల్‌లో పొడి అయిదారు గ్రాములే, కె-కప్‌లో ఉండేదాంట్లో సగం. కానీ పంపు నీళ్ళను గట్టిగా నెడుతుంది, ఆ ఒత్తిడికి క్యాప్సూల్ అల్యూమినియం రేకు మెషీన్ లోపలి మొనలకు ఆనుకుని చిట్లి కాఫీ బయటికి వస్తుంది. వచ్చేది నలభై మిల్లీలీటర్లు. ఆ కొలత చూడగానే నాకు తట్టింది, ఇది కాఫీ కాదు, డికాషన్. మన లెక్కలో చూస్తే దీనికి పాలు పోయాల్సిందే.

ఇందులోనూ రెండు దారులున్నాయి, చాలామంది ఇక్కడే తికమకపడతారు. పాతది ఒరిజినల్, నేను పైన చెప్పింది అదే. 2014లో అమెరికా, కెనడాల్లో వెర్ట్యుయో వచ్చింది. అది పుట్టగొడుగు ఆకారం పాడ్‌ని నిమిషానికి ఏడు వేల చుట్ల దాకా తిప్పి కాఫీ తీస్తుంది. పాడ్ అంచు మీద బార్‌కోడ్ ఉంటుంది, ఎన్ని నీళ్ళు పోయాలో మెషీన్ దాన్ని చదివి తనే తేల్చుకుంటుంది. పక్క ఊరు గిల్బర్ట్‌లో ఉండే మా స్నేహితుల ఇంట్లో చాలాసార్లు తాగాను. పైన వేలెడు మందం నురగ, పెద్ద కప్పు, చూడ్డానికి పండగలా ఉంటుంది. నల్ల కాఫీ పెద్ద కప్పులో తాగేవాళ్ళకు అదే మేలు. కానీ ఆ బార్‌కోడ్ వల్ల పాడ్‌లు చాలావరకు ఆ కంపెనీవో, దానితో ఒప్పందం ఉన్నవాళ్ళవో కొనాలి. ఒరిజినల్ క్యాప్సూల్స్ అయితే లవాత్సా, పీట్స్, లోర్ లాంటివాళ్ళవి మామూలు సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతాయి, సేల్‌లో ఉంటాయి, కూపన్లు పడతాయి. నాకు ఈ ఒక్క కారణం చాలు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పేస్తాను. కంపెనీ క్యాప్సూల్ ఒకటి 80 సెంట్లు అనుకుందాం. అయిదు గ్రాముల చొప్పున కిలో పొడికి 200 క్యాప్సూల్స్, అంటే కిలో 160 డాలర్లు! నేను కొనే ఫిల్టర్ పొడి కిలో ఇరవై డాలర్ల చుట్టూ ఉంటుంది. రోజుకు నాలుగు కప్పులంటే ఏడాదికి 1,168 డాలర్లు. సూపర్‌మార్కెట్‌వి 55 సెంట్లకు దొరికినప్పుడు సర్దుకుంటే ఎనిమిది వందల దాకా అవుతుంది. మెషీన్‌కి మేం పెట్టింది నూట యాభై లోపే. ఆ నూట యాభై గురించి రెండు వారాలు టెన్షన్ పడ్డాం, క్యాప్సూల్స్ లెక్క మాత్రం కొన్న ఏడాదికి గానీ వేయలేదు. మా ఆయన "బయట లాటే తాగితే అయిదు డాలర్లు కదా" అంటూ ఉంటారు. రోజుకు నాలుగు లాటేలు బయట తాగే మనిషైతే ఆ మాట చెల్లుతుంది.

పాలతో తాగడానికి ఏ క్యాప్సూల్ అన్నది తేలడానికి ఆర్నెల్లు పట్టింది. అట్ట మీద ఉండే అంకె కెఫీన్ కొలత కాదు. వేపు, చేదు, చిక్కదనం కలిపి వేసిన అంకె అది. అయిదు, ఆరు అంకెలవి పాలు పడగానే మాయమైపోతాయి. తొమ్మిది దాటినవే మనకు పనికొస్తాయి. రోబస్టా రకం గింజ కలిసినవైతే ఇంకా మంచిది, మన ఫిల్టర్ పొడుల్లో చాలావాటికి ఆ మొరటు రుచి ఇచ్చేది రోబస్టానే. మా ఇంట్లో ఎక్కువ నడిచేవి కజార్, రిస్ట్రెట్టో. నెస్ప్రెసో వాళ్ళు ఇండియా పేరుతో ఒకటి అమ్ముతారు, పడమటి తీరంలో వానాకాలపు గాలికి ఆరబెట్టి ఊరనిచ్చిన రోబస్టా అందులో ఉంటుంది. మన గింజ స్విట్జర్లాండ్ వెళ్ళి, రేకులో చుట్టుకుని, ఆరిజోనా ఎడారిలో నా గ్లాసులోకి వచ్చి పడుతోంది. బాగుంటుంది, ధర కాస్త ఎక్కువ.

ఒక తప్పు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. కప్పు నిండట్లేదని చిన్న క్యాప్సూల్‌కి పెద్ద బటన్ నొక్కడం. నొక్కితే వచ్చేది ఎక్కువ కాఫీ కాదు, చేదు నీళ్ళు. నలభై మిల్లీలీటర్ల దగ్గర ఆపేసి, రెట్టింపు పాలు పోసుకోండి. ఇంకా చిక్కగా కావాలంటే రెండు క్యాప్సూల్స్. సోమవారాలు మా ఇంట్లో రెండే పడతాయి.

ఈ మెషీన్ల అసలు లోపం నాకు రుచిలో కనపడలేదు, వేడిలో కనపడింది. పొగలు కక్కే కాఫీ అలవాటైన నోటికి ఇది వెచ్చగా అనిపిస్తుంది. ఫ్రిజ్ పాలు పోశారో, ఇక అయిపోయింది. నేను ముందు క్యాప్సూల్ లేకుండా ఒకసారి వేడినీళ్ళు గ్లాసులోకి వదిలి గ్లాసు వేడెక్కిస్తాను, ఆ నీళ్ళు పారబోసి, ఈలోపు పాలు పొయ్యి మీద పొంగు దాకా తెచ్చి, అప్పుడు క్యాప్సూల్ వేస్తాను. మెషీన్ అరనిమిషంలో సిద్ధమవుతుంది, పాలు కాగడానికే మూడు నిమిషాలు. మరి పాడ్ మెషీన్ వల్ల మిగిలిన టైమ్ ఎక్కడ అని అడక్కండి. నురగ తెప్పించే గిన్నె కూడా ఒకటి విడిగా కొన్నాం. మూడు నెలలు మోజుగా వాడి, ఇప్పుడు పిల్లల హాట్ చాక్లెట్‌కి వదిలేశాం. నురగ మనకూ కావాలి, కాకపోతే గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తే వచ్చే నురగ వేరు.

ఎండాకాలంలో మాత్రం దీనికి సాటి లేదు. ఇక్కడ జూన్, జూలైల్లో 45 డిగ్రీలు. గ్లాసులో ఐసు, చల్లటి పాలు, దాని మీద నలభై మిల్లీలీటర్లు దించితే ఐసు కరిగాక కూడా కాఫీ కాఫీలాగే ఉంటుంది. కె-కప్‌తో ఇది కుదరదు.

ఇక నీళ్ళు. ఫీనిక్స్ చుట్టుపక్కల నీళ్ళలో సున్నం చాలా ఎక్కువ, షవర్ తలలు కూడా తెల్లగా పేరుకుపోతాయి. మొదటి ఏడాది నేను కుళాయి నీళ్ళే పోశాను, డీస్కేలింగ్, అంటే లోపల పేరుకున్న సున్నాన్ని మందుతో కరిగించడం, అన్న మాటను పట్టించుకోలేదు. పద్నాలుగో నెలలో కాఫీ ధారగా రావడం మానేసి బొట్లు బొట్లుగా పడింది, పంపు మాత్రం గోల గోల. ఆ మందు కొని రెండుసార్లు తిప్పితే తెల్లటి పెచ్చులు వచ్చాయి. అదృష్టం, మళ్ళీ దారికొచ్చింది. అప్పటినుంచి ఫిల్టర్ చేసిన నీళ్ళే పోస్తున్నాను, రెండు నెలలకోసారి శుభ్రం చేస్తున్నాను. వెనిగర్ చవక కదా అని పోసేముందు మీ మెషీన్ పుస్తకం చూడండి. కొన్నిటికి పర్వాలేదంటారు, ఈ చిన్న క్యాప్సూల్ రకాలకు వద్దనే అంటారు.

దీనికంటే ఘోరం ఇంకొకటి జరిగింది. వాడిన క్యాప్సూల్స్ లోపల ఒక డబ్బాలో పడతాయి, కింద కాస్త నీళ్ళు చేరతాయి. 2022 డిసెంబరులో ఇండియా వెళ్తూ ఆ డబ్బా ఖాళీ చేయడం మరిచిపోయాం. నెల తర్వాత వచ్చి, జెట్‌లాగ్‌లో తెల్లవారుజామున మూడింటికి కాఫీ పెట్టుకుందామని డబ్బా లాగితే పచ్చగా, బూరుగా బూజు. ఆ వాసన వంటింట్లోంచి పోవడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు పాస్‌పోర్టులు సర్దుకున్నాక నేను చూసేది ఆ డబ్బానే.

చెత్త విషయంలో నా మనసు ఇప్పటికీ కుదురుగా లేదు. రోజుకు నాలుగు అల్యూమినియం రేకులు. నెస్ప్రెసో వాళ్ళు ఇచ్చే సంచిలో వేసి యూపీఎస్ కొరియర్ వాళ్ళకు ఇచ్చేస్తే రీసైక్లింగ్‌కి వెళ్తాయి, మనకు ఖర్చు లేదు. అంత సులువైన పని కూడా నేను సగం సార్లే చేస్తాను. కొన్నిటిని కోసి పొడి కరివేపాకు కుండీలో వేస్తాను. జర్మనీలో హాంబర్గ్ నగరం 2016లో ప్రభుత్వ ఖర్చుతో కాఫీ పాడ్‌లు కొనడమే ఆపేసింది. ఎందుకు ఆపారో మా రీసైక్లింగ్ సంచిని చూస్తే తెలుస్తుంది.

నింపుకునే స్టీలు క్యాప్సూల్‌లో మన పొడి వేస్తే ఖర్చూ చెత్తా రెండూ తగ్గుతాయి కదా అనిపిస్తుంది. వేశాను. చికోరీ ఉన్న పొడి ఇక్కడా మొరాయించింది, బొట్లు తప్ప రాలేదు. చికోరీ లేని కాస్త బరక పొడి అయితే దిగింది, కానీ ప్రతి కప్పుకూ నింపి, నొక్కి, మూతపెట్టి, కడిగి... ఆ మాత్రం శ్రమ పడేదానికి ఫిల్టర్ ఏం పాపం చేసింది?

ఆ స్టీలు ఫిల్టర్ శనాదివారాలు బయటికి వస్తుంది, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడూ వస్తుంది. పోయిన శ్రావణంలో వ్రతానికి పన్నెండు మంది వస్తే మెషీన్‌తో మొదలుపెట్టాను. ఒక్కో కప్పూ విడిగా, మధ్యలో డబ్బా నిండి ఖాళీ చేయడం, నీళ్ళు నింపడం. అయిదో కప్పు దిగేసరికి మొదటిది చల్లారింది. మిగతా ఏడుగురికీ ఫిల్టర్ డికాషనే.

అందుకే ఇంట్లో నలుగురు కాఫీ తాగేవాళ్ళుంటే దీని జోలికి పోవద్దంటాను. ఒకరో ఇద్దరో అయి, పొద్దున్నే ఆరింటికి ఇండియా కాల్ ఉండి, పాలు కలుపుకునే తాగుతామంటే ఒరిజినల్ రకంలో అన్నిటికంటే చిన్నది, పాల గిన్నె అంటించి లేనిది తీసుకోండి. మాది ఈ మధ్య మీట కాస్త వదులైంది, క్యాప్సూల్ పెట్టి రెండుసార్లు నొక్కాల్సి వస్తోంది. పోతే మళ్ళీ అదే రకం కొంటాను, ఈసారి సేల్ కోసం ఆగకుండా.